మందులతో పాటు నడక

స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ లాంటి జబ్బులతో బతుకుతున్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాట వినగానే చాలామందికి ఆత్మహత్యే గుర్తుకొస్తుంది. అదీ ఒక కారణమే కానీ పెద్ద వాటా దానిది కాదు. ఎక్కువ ప్రాణాలు తీస్తున్నవి గుండెజబ్బు, పక్షవాతం, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులు. ఏ వీధిలోనైనా కనిపించే జబ్బులే. వీళ్ళ దగ్గరికి మాత్రం తొందరగా వస్తాయి, ఆలస్యంగా బయటపడతాయి.

ఎందుకింత ఆలస్యం? ఇంట్లో అందరి చూపూ మనసు మీదే ఉంటుంది. మాత్ర వేసుకున్నాడా, నిద్రపోయాడా, ఎవరితోనూ గొడవ పడలేదు కదా అని కనిపెట్టుకుని ఉంటారు. రెండేళ్ళలో నడుం కొలత 32 నుంచి 38కి పెరిగిన సంగతి దర్జీకి తెలుస్తుంది, డాక్టరు దాకా వెళ్ళదు. ఓపీ రద్దీలో పాత మందులే మళ్ళీ రాసి పంపడంతో సరిపోతుంది, బీపీ చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఇక వ్యాయామం గురించి సలహాలకు కొదవ లేదు. కోడి కూసే వేళకు లేవాలి, రోజుకు పదివేల అడుగులు వేయాలి, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే అంటారు. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఒంటికి తీసిన కొలతలు. రాత్రి ఓలాంజపిన్ లాంటి మత్తు మాత్ర వేసుకుని పడుకునే మనిషికి వాటిని తొడిగితే వారం తిరక్కుండానే వదిలేస్తాడు. తప్పంతా తనదేననుకుంటాడు. జబ్బునూ మందునూ లెక్కలోకి తీసుకుని వేరే కొలత తీయాలి.

బద్ధకం అనే మాట

26 ఏళ్ళ కుర్రాడు. డిగ్రీ రెండో ఏడాదిలో స్కిజోఫ్రీనియా వచ్చింది. ఇప్పుడు కేకలు లేవు, అనుమానాలు లేవు, మందులు వేళకు వేసుకుంటున్నాడు. కానీ పొద్దున పదింటిదాకా లేవడు. లేచాక మంచం మీంచి సోఫాలోకి, సోఫాలోంచి మళ్ళీ మంచం మీదికి. వచ్చేపోయేవాళ్ళ ముందు తండ్రి, "తిని పడుకోవడం తప్ప వీడికేం తెలీదండీ" అంటాడు. ఇది బద్ధకమేనా?

ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు సంగతులు దాగి ఉంటాయి. మొదటిది జబ్బే. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, అనుమానాలు, ఇవి మందులకు లొంగుతాయి. ఏ పనికైనా లేచి పూనుకునే చొరవ పోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా ఆ జబ్బు లక్షణాలే, అవి అంత తేలిగ్గా లొంగవు. రెండోది రాత్రి మాత్ర మత్తు, అది పొద్దున్న చాలాసేపు దిగదు. మూడోది కొన్ని మందుల వల్ల కండరాలు బిగుసుకోవడం. అడుగు చిన్నదవుతుంది, నడుస్తుంటే చేతులు ఊగవు, ముఖంలో కదలిక తగ్గుతుంది. ఈ మూడో సంగతి డాక్టరుకి చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. చెప్పకపోతే అది స్వభావంగానే చెలామణి అయిపోతుంది. నాలుగోది సిగ్గు. కలిసి చదివినవాళ్ళు ఎదురుపడి "ఇప్పుడేం చేస్తున్నావురా?" అని అడుగుతారేమోనన్న భయం మోకాళ్ళ నొప్పి కంటే గట్టిగా కాళ్ళను కట్టేస్తుంది.

ఈ నాలుగింటిలో ఏదీ తిడితే పోయేది కాదు. అందుకే బద్ధకం అన్న మాటను ఇంట్లోంచి తీసేయడమే మొదటి పని.

నడిస్తే నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 50 ఏళ్ళు, ఆపైబడి డిప్రెషన్‌తో ఉన్న 156 మందిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు సెర్ట్రలీన్ మాత్రలు, ఒక గుంపుకు వారానికి మూడుసార్లు శిక్షకుల ఎదుట వ్యాయామం, మూడో గుంపుకు రెండూ. మాత్రల గుంపు ముందుగా తేరుకుంది. 16 వారాలు గడిచేసరికి మాత్రం మూడు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయని 1999లో ప్రకటించారు. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు స్కిజోఫ్రీనియా ఉన్న 61 మందితో ఒక పరిశీలన చేశారు. మందులు కొనసాగిస్తూనే కొందరికి యోగా, కొందరికి మామూలు వ్యాయామం నేర్పి నాలుగు నెలల తర్వాత చూశారు. 2007లో వెలువడిన ఆ ఫలితాల్లో రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, యోగా చేసినవాళ్ళు ఇంకా ఎక్కువ మెరుగుపడ్డారు.

ఇలాంటి ఫలితాలను తప్పుగా చదివే ప్రమాదం ఒకటుంది. "అయితే మాత్రలు మానేసి నడుస్తాను" అని అనుకోవడం ఈ విషయంలో జరిగే పొరపాట్లన్నిటిలో పెద్దది. బ్లూమెంథాల్ పరిశీలనలో ఉన్నవాళ్ళు డిప్రెషన్ ఉన్నవాళ్ళు, వాళ్ళను కనిపెట్టుకుని ఒక బృందం ఉంది. నిమ్హాన్స్‌లో ఎవరి మందులూ ఆపలేదు. స్కిజోఫ్రీనియాలో, బైపోలార్‌లో మందు సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. నడక ఆ మందుకు తోడు మాత్రమే. నిద్ర కుదురుతుంది, దిగులు కొంత తేలికవుతుంది, గుండెకూ రక్తనాళాలకూ కాపుదల దొరుకుతుంది. బరువు అంత త్వరగా తగ్గదు. రెండు నెలలు నడిచినా కాటాలో తేడా రాలేదని ఆపేసేవాళ్ళు చాలామంది. కాటా ఏం చూపించినా, నడుస్తున్నవాళ్ళ గుండె మాత్రం గట్టిపడుతూనే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా సరే ఒకసారి బరువు, బీపీ, పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం ఎప్పుడైనా ఉంటే, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళుంటే ఈసీజీ కూడా తీయించాలి. నడుం చుట్టుకొలత ఇంట్లోనే తీయొచ్చు. టేపును బొడ్డు దగ్గర చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. మన దేశంలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

కొత్త మందు మొదలైన తొలి నెలలే కీలకం, బరువు వేగంగా పెరిగేది అప్పుడే. మందులన్నీ ఒకేలా పెంచవు. ఓలాంజపిన్, క్లోజపిన్ బాగా పెంచుతాయి. రిస్పెరిడోన్, క్వెటియాపిన్ మధ్యరకం. అరిపిప్రజోల్‌తో తక్కువ. మూడ్ మందుల్లో వాల్‌ప్రోయేట్, డిప్రెషన్ మందుల్లో మిర్టజపిన్ కూడా బరువు పెంచేవే. మొదటి మూడు నెలలు నెలకోసారి బరువు చూసుకుని రాసిపెట్టుకోవాలి. 60 కిలోల మనిషి 63కి చేరితే అప్పుడే డాక్టరుతో మాట్లాడాలి, 75 అయ్యేదాకా ఆగకూడదు. మందు మార్చవచ్చా, మెట్‌ఫార్మిన్ లాంటిది కలపవచ్చా అని వాళ్ళు ఆలోచిస్తారు. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు మందు మొదలైనప్పుడు ఒకసారి, మూడు నెలలకు మరోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి తప్పనిసరి.

కొలత, వేళ, తోడు

1. చెడ్డ రోజుకు సరిపోయేంతే పెట్టుకోవాలి. చాలామంది ఒక మంచి రోజున లెక్క వేసుకుంటారు. ఆ రోజు ఒంట్లో ఓపిక ఉంటుంది, మనసు తేలికగా ఉంటుంది, "రేపటి నుంచి గంట నడుస్తా" అనుకుంటారు. నాలుగో రోజుకు దిగులు మళ్ళీ కమ్ముకుంటుంది. గంట కాదు కదా, గడప దాటడమే గగనమవుతుంది. ఆ రోజు తప్పితే, తప్పినందుకు నొచ్చుకోవడం ఇంకో బరువు. దీనికి బదులు, మంచం దిగడమే కష్టమైన రోజును తలచుకుని, ఆ రోజు కూడా చేయగలిగింది ఏమిటని అడగాలి. వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళ్ళి రావడమా? మేడ మీద రెండు చుట్లా? చెప్పులు వేసుకుని గేటు దాకా పోయి రావడమా? అదే రోజువారీ కొలత. మంచి రోజున ఎంత ఎక్కువ నడిచినా సంతోషమే, కొలత మాత్రం పెంచకూడదు. రెండు వారాలు వరసగా తప్పకుండా జరిగాక ఐదు నిమిషాలు కలపవచ్చు.

2. వేళను మందును బట్టి ఎంచుకోవాలి. తెల్లవారుజాము నడక గొప్పదని ఊరంతా చెబుతుంది. రాత్రి మత్తు మాత్ర వేసుకున్నవాళ్ళను ఐదింటికి లేపితే తూలి పడే ప్రమాదం ఉంది, నిద్ర చెడితే జబ్బుకే చేటు. వీళ్ళకు ఎండాకాలం తప్ప సాయంత్రం ఐదు, ఐదున్నర మంచి వేళ. డిప్రెషన్‌లో కొందరికి పొద్దుట పూట దిగులు మరీ ఎక్కువగా ఉండి మధ్యాహ్నం దాటాక కాస్త తెరిపి ఇస్తుంది. ఆ తెరిపిలోనే నడవాలి. వేళ ఏదైనా రోజూ అదే అయితే మంచిది. ఎప్పుడు నడవాలా అని రోజూ తేల్చుకోవడమే ఒక పని, ఆ పనికి ఓపిక లేకపోవడమే ఈ జబ్బు.

3. తోడు దొరికితే సగం పని అయినట్టే. "వెళ్ళు, నడిచి రా" అనడానికీ, చెప్పులు వేసుకుని "పద, వెళ్దాం" అనడానికీ చాలా తేడా ఉంది. అక్క, బావమరిది, తాతయ్య ఎవరైనా సరే. నడిచేటప్పుడు ఉద్యోగం, పెళ్ళి, మందుల గురించి మాట్లాడకూడదని ముందే ఒప్పందం చేసుకోవాలి. మాటలు లేకపోయినా ఫరవాలేదు. ఇంట్లో ఎవరికీ కుదరకపోతే అదే జబ్బుతో కోలుకుంటున్న మరొకరితో కలిసి నడవవచ్చు. వాళ్ళకు వివరంగా ఏదీ చెప్పనక్కర్లేదు.

4. ఏదో ఒక పనికి ముడి పెట్టాలి. వ్యాయామం కోసమే బయటికి వెళ్ళాలంటే మనసు మొరాయిస్తుంది. పాలప్యాకెట్ తేవాలంటే వెళ్ళక తప్పదు. పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం, గుడి దాకా వెళ్ళడం, రైతుబజారులో కూరలు తేవడం, మొక్కలకు నీళ్ళు పోయడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఒకటే జాగ్రత్త. ఆడవాళ్ళ విషయంలో "ఇంటెడు చాకిరీ చేస్తోంది, ఇంకా నడకెందుకు?" అంటారు. చాకిరీతో ఒళ్ళు అలసిపోతుంది కానీ గుండెకు కావలసినంత సేపు ఆగకుండా కదలిక దొరకదు, మనసుకు విడుపు అసలే దొరకదు. ఇద్దరు పిల్లల తల్లిని సాయంత్రం ఇరవై నిమిషాలు మేడ మీద ఒంటరిగా వదిలిపెట్టడం ఆ ఇంటివాళ్ళు చేయగల వైద్యమే.

5. ఎంత జోరుగా? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ జోరు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఇలాంటి కదలిక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. ఆ అంకె చూసి బెదిరిపోనక్కర్లేదు. అసలు లేనిదానికంటే కొంచెమైనా మేలని అదే సూచనల్లో ఉంది. అక్కడికి చేరడానికి ఆరు నెలలు పట్టినా నష్టం లేదు. బలానికి జిమ్ము అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకూ వెనక్కూ తోయడం, రెండు లీటరు సీసాల్లో నీళ్ళు నింపి ఎత్తడం సరిపోతాయి.

6. గోడ మీది క్యాలెండర్‌లో నడిచిన రోజుకు ఒక గీత. నడవని రోజు ఖాళీ. ఆ ఖాళీ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. నెలాఖరుకు డాక్టరు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్తే, మందు ఎలా పనిచేస్తోందో నోటిమాట కంటే అదే బాగా చెబుతుంది.

మందులు తెచ్చిపెట్టే చిక్కులు

నడకకు ముందు ఈ సంగతులు తెలియకపోతే మేలు చేయాల్సింది కీడు చేస్తుంది. కాబట్టి కొంచెం ఓపికగా చదవాల్సిన భాగం ఇది.

ఎండ. సైకోసిస్‌కు (మాటలు వినిపించడం, అనుమానాలు లాంటివాటికి) వాడే చాలా మందులు ఒళ్ళు తనను తాను చల్లబరుచుకునే ఏర్పాటును దెబ్బతీస్తాయి. వాటితో పాటు వణుకూ బిగుతూ తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమటను తగ్గిస్తుంది. చెమట పట్టకపోతే లోపలి వేడి బయటికి పోదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో పక్కవాడికి అలసటతో సరిపోయేది ఈ మందులు వాడే మనిషికి వడదెబ్బ అవుతుంది. మార్చి నుంచి జూన్ దాకా పొద్దు పూర్తిగా వాలాక నడవాలి, లేదా ఇంట్లోనే ఫ్యాను కింద చేయాలి. చర్మం వేడిగా పొడిగా మారి మాట తడబడితే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయాలి.

లిథియం. బైపోలార్‌కు ఇది ఎంతో నమ్మకమైన మందు. కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. విరేచనాలు, వాంతులు, జ్వరం, బాగా చెమట పట్టడం, నీళ్ళు తాగని ఉపవాసాలు, అన్నీ ఆ దారి పట్టించేవే. బరువు తగ్గాలనో బీపీ ఉందనో ఒక్కసారిగా ఉప్పు మానేయడం కూడా అంతే ప్రమాదం. ఈ సంగతి చాలామందికి తెలియదు. నడకకు ముందూ తర్వాతా నీళ్ళు తాగాలి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఇంకా మంచిది. మోకాళ్ళ నొప్పి అని మందులషాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అడిగి వేసుకోకూడదు, అవి కూడా లిథియాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి. అయ్యప్ప దీక్ష తీసుకునేవాళ్ళు, రంజాన్ ఉపవాసాలుండేవాళ్ళు నెల ముందే డాక్టరుతో మాట్లాడి, మందు వేళలు, రక్తపరీక్ష తేదీ ఖాయం చేసుకోవాలి. దీక్షలో మందులు మానాలన్న నియమం ఎక్కడా లేదు.

లేచేటప్పుడు కళ్ళు తిరగడం. క్లోజపిన్, క్వెటియాపిన్, క్లోర్‌ప్రోమజిన్ వాడేవాళ్ళకు పడుకుని లేవగానే బీపీ పడిపోవచ్చు. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, కాళ్ళు ఆడించి, తర్వాత నిలబడాలి. నేల మీద చేసే ఆసనాల నుంచి కూడా నెమ్మదిగా లేవాలి.

క్లోజపిన్. దీనితో వచ్చే మలబద్ధకాన్ని చిన్నదిగా చూడకూడదు. పేగు కదలిక పూర్తిగా ఆగిపోయి ప్రాణాపాయం కావచ్చు. నడక, నీళ్ళు, ఆకుకూరలు దీనికి కొంత సాయం చేస్తాయి. రెండు మూడు రోజులు విరేచనం కాకపోయినా, కడుపు ఉబ్బినా డాక్టరుకి చెప్పాలి. మందు మొదలైన తొలి వారాల్లో ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం, గుండెదడ వస్తే వ్యాయామం ఆపి అదే రోజు చూపించుకోవాలి.

ప్రొప్రనలాల్. వణుకుకూ ఆందోళనకూ ఇచ్చే ఈ మాత్ర గుండె వేగాన్ని అదిమి ఉంచుతుంది. చేతి గడియారంలో నాడి అంకె పెరగడం లేదని ఇంకా జోరుగా పరుగెత్తకూడదు. మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదే వీళ్ళకు సరైన కొలత.

కుదురు లేని కాళ్ళు. సైకోసిస్ మందు మొదలైన కొద్దిరోజులకే మనిషి కూర్చోలేక, నిలబడలేక హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే "బాగానే నడుస్తున్నాడు" అని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. అది నడక కాదు. లోపల దహించే అశాంతి, మందు వల్ల వచ్చింది. భరించలేక చనిపోవాలన్న ఆలోచన కూడా రావచ్చు. వెంటనే డాక్టరుకి చెబితే తగ్గించగలరు.

సిగరెట్టు. పొగ వల్ల ఓలాంజపిన్, క్లోజపిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి. వ్యాయామం ఉత్సాహంలో ఒక్కసారిగా సిగరెట్లు మానేస్తే అదే మోతాదు మందు రక్తంలో ఎక్కువై మత్తు, నోట్లో చొంగ, తూలడం మొదలవుతాయి. మానడం చాలా మంచిది, మానబోయే ముందు డాక్టరుకి ఒక మాట చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి.

రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వాడే ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోతే అది కూడా చెప్పాల్సిన సంగతే. దీర్ఘకాలం అలా ఉంటే ఎముకలు పల్చబడతాయి. నడక, మెట్లెక్కడం లాంటివి ఎముకకు బలం.

కంచంలో ఏముంది?

ఈ మందులతో వచ్చే ఆకలి మామూలు ఆకలి కాదు. తిన్న గంటకే కడుపు ఖాళీ అయినట్టుంటుంది. "నోరు కట్టుకోలేడా?" అనడం అన్యాయం. చేయగలిగిన పని, చేతికి అందేదాన్ని మార్చడం. బిస్కెట్ ప్యాకెట్లు ఇంట్లోకి రాకపోతే పోరాటమే ఉండదు. వాటి చోట వేయించిన శనగలు, ఉడికించిన పల్లీలు, జామకాయలు, కీరదోస ముక్కలు ఉంచాలి. అన్నం ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం కలుపుకుంటే అన్నం తగ్గుతుంది. రాత్రిపూట జొన్నరొట్టె అలవాటున్నవాళ్ళకు అది మంచిదే.

అన్నిటికంటే పెద్ద దొంగ కూల్‌డ్రింకు. మందులతో నోరు ఎండిపోతుంది, దాహం తీరక రోజుకు రెండు సీసాలు తాగే కుర్రాళ్ళున్నారు. ఆ చక్కెరంతా నడుం చుట్టూ చేరుతుంది. నీళ్ళు, పల్చటి మజ్జిగ, నోట్లో ఒక లవంగం పెట్టుకోవడం అలవాటు చేస్తే, ఒక్క ఆ మార్పుతోనే బరువు పెరగడం నెమ్మదిస్తుంది.

జబ్బును బట్టి చిన్న తేడాలు

పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్ళకు వ్యాయామం భయపెడుతుంది. గుండె కొట్టుకోవడం, చెమట, ఊపిరి ఎగబీల్చడం, అన్నీ అటాక్‌లో వచ్చేవే కదా? అందుకే రెండు నిమిషాలు నడిచి, ఆగి, గుండె దానంతటదే నెమ్మదించడాన్ని గమనించాలి. మళ్ళీ రెండు నిమిషాలు. గుండెదడ వచ్చినా ప్రాణం పోదని ఒంటికి తెలిసేకొద్దీ భయం పట్టు సడలుతుంది.

బైపోలార్‌లో మూడ్ పైకి లేస్తున్నప్పుడు జాగ్రత్త వేరు. మూడు గంటలే నిద్రపోయి, అర్ధరాత్రి పరుగుకు బయల్దేరుతున్నాడంటే అది ఆరోగ్యం మీద శ్రద్ధ కాకపోవచ్చు. ఆ రోజుల్లో జిమ్ము, పోటీలు, రాత్రి వ్యాయామం ఆపి, పగలు మామూలు నడకతో సరిపెట్టి, డాక్టరుని తొందరగా కలవాలి.

అందరూ తననే చూస్తున్నారన్న అనుమానం ఉన్న మనిషిని రద్దీ పార్కుకు లాక్కెళ్ళకూడదు. మేడ, పెరడు, పొలం గట్టు, జనం లేని కాలనీ రోడ్డు మేలు. మాటలు వినిపించేవాళ్ళలో కొందరికి చెవిలో పాటలు పెట్టుకుని నడిస్తే ఆ గొంతులు వెనక్కి తగ్గుతాయి, రోడ్డు మీద మాత్రం ఒక చెవికే పెట్టుకోవాలి.

ఆసుపత్రిలో

మానసిక జబ్బు ఉందని తెలియగానే ఒంటి బాధను కూడా దానికే అంటగట్టేవాళ్ళు ఉంటారు. ఛాతీ నొప్పి అంటే "టెన్షన్ పడకు" అని పంపేస్తారు. అలాంటప్పుడు వెంట ఉన్నవాళ్ళు గట్టిగా నిలబడాలి. "ఇది ఎప్పటి నుంచి, నడిస్తే పెరుగుతుందా, చేతిలోకి పాకుతుందా" అన్నవి రాసుకుని వెళ్ళి చూపించి, ఈసీజీ తీయమని అడగాలి. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోవాలి. అత్యవసరంలో వేరే డాక్టరుకి అది చాలా ఉపయోగం. ఒళ్ళు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరంతో మగతగా ఉంటే అది మందు వల్ల అరుదుగా వచ్చే ప్రమాదం కావచ్చు, ఒక్క గంట కూడా ఆగకూడదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, డాక్టరు అందుబాటులో లేకపోతే, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

ఆగిపోయాక మళ్ళీ

ఎంత జాగ్రత్తగా ఉన్నా జబ్బు తిరగబెట్టవచ్చు. ఆసుపత్రిలో నెల రోజులు ఉండి రావచ్చు, వానలకు పదిహేను రోజులు గడప దాటలేకపోవచ్చు. అప్పటిదాకా నలభై నిమిషాలు నడుస్తున్న మనిషి తిరిగి అక్కడి నుంచే మొదలుపెట్టాలనుకుంటాడు. ఒళ్ళు సహకరించదు, మందు మోతాదు కూడా మారి ఉంటుంది. మొదటి వారం గేటు దాకా, రెండో వారం వీధి మలుపు దాకా, మళ్ళీ ఆ పాత చెడ్డ రోజు కొలతే. క్యాలెండర్‌లో ఖాళీగా ఉన్న నెలను చింపేయనక్కర్లేదు, కొత్త నెల పేజీ తిప్పి మొదటి గీత గీస్తే చాలు. ఇంట్లోవాళ్ళు ఆ సాయంత్రం "పద, వెళ్దాం" అని చెప్పులు వేసుకోవాలి.